పట్టీ పట్టనట్టు

నిన్న రాత్రంతా షెడ్డులో పొయ్యి ఆరనివ్వలేదు
మా మేనత్త రైలి.
బయట సున్నాకి ఇరవయ్యారు కింద.
"చల్లని ఇంజన్ మీదే కొలవాలని పుస్తకంలో రాశాడు.
రాసినవాడు కుహ్మోలో జనవరి చూసినవాడు కాదు."
ఇనుముకి కాస్త ఒంటివెచ్చదనం రావాలట,
అప్పుడే నిజం చెబుతుందట.

తప్పు నాది. దాచను.
పోయిన వేసవిలో టాపెట్లు టకటకమంటున్నాయని
పక్క జట్టువాళ్ళు నవ్వితే
రాత్రికి రాత్రి నట్లు బిగించి వాటి నోరు మూయించాను.
ఎంత హాయిగా ఉందో ఆ నిశ్శబ్దం!
నాలుగో స్టేజీలో, సరస్సు మలుపు దాటాక,
మూడో సిలిండరు ఊపిరి వదిలేసింది.
విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు
ఎలుక అంచు కొరికిన రొట్టెలా ఉంది.

మేనత్త దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.
ఒక్క మాట అనలేదు.
శీతాకాలం పొడుగునా నా కాఫీకి ఎదురుగా
అదే కూర్చుంది.

ఇప్పుడు ఈ ముసలి ఎస్కార్టుకి అన్నీ కొత్తవి:
మరింత ఎత్తు లేపే క్యామ్,
ఒకదాని కడుపులో ఒకటి దూరిన జంట స్ప్రింగులు,
గట్టి ఉక్కు వాల్వులు ఎనిమిది.
నాకు నిమిషానికి ఎనిమిది వేల చుట్లు కావాలి.
"కావాలి, సరే.
అంత లోతుకి దిగే వాల్వుని
పైకొచ్చే పిస్టన్ నెత్తిన గుద్దదూ?"

మా పాప దగ్గర బంకమట్టి అడిగి తెచ్చింది, నీలం ముద్ద.
పిస్టన్ మీద అద్ది, హెడ్డు బిగించి,
చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ అంతా విప్పి,
చేపలు కోసే చాకుతో ఆ మట్టిని కోసి కొలిచింది.
రెండు మిల్లీమీటర్లు, పైన వెంట్రుకవాసి.
"బతికావు" అంది,
నన్నో, పిస్టన్నో.
మట్టి తిరిగిచ్చేస్తే
దానిలో పడిన వాల్వు గుర్తుని
పాప ఇంకా చెరపనివ్వడం లేదు.

తర్వాత ఫీలర్ గేజి.
పావు మిల్లీమీటరు రేకు.
క్యామ్ ముక్కు పైకప్పు కేసి చూస్తున్నప్పుడు
మడమ కింది ఉల్లిపొర సందులో దూర్చి లాగాలి.
లాగాను. జారింది.
"వదులు."
బిగించి లాగాను. రాలేదు.
"పీక పిసికావు."

ముప్పై ఏళ్ళు కాగితం మిల్లు బేరింగులకి నూనె పోసిన వేళ్ళు రెండు
నా మణికట్టు మీద ఆనాయి.
"పట్టీ పట్టనట్టుండాలి.
వేడెక్కితే ఉక్కు పెరుగుతుంది.
పెరిగేదానికి చోటు వదలకపోతే వాల్వు మూతపడదు.
మూతపడనిదానికి చల్లారే తీరికుండదు.
చప్పుడు చేసేది కాదురా యార్కో,
చప్పుడు మానేసిందే కాలిపోయేది."

పదకొండో ఏట సంచీతో ఈ ఇంటికొచ్చాను.
ఎందుకొచ్చావనలేదు, ఎన్నాళ్ళనలేదు.
ఒక గది చూపించి
తలుపు ఓరగా వేసి వెళ్ళింది.

ఎనిమిదీ అయ్యాయి.
"మళ్ళీ మొదట్నించి."
లాక్‌నట్టు బిగించేటప్పుడు చెయ్యి మోసం చేస్తుందట.
నిజమే. ఐదు మారిపోయాయి.
మూడోసారికి రేకు
పుస్తకంలో పేజీ తిప్పినట్టు వచ్చింది.
ఆమె ఏమీ అనలేదు గనక సరిగ్గా ఉందని అర్థం.

తాళం తిప్పాను.
కొత్త క్యామ్‌ని నెమ్మది మీద ఉంచకూడదు,
రెండున్నర వేల మీద ఇరవై నిమిషాలు, కదలకుండా.
పొడుగు స్క్రూడ్రైవరు మొన వాల్వు కవరు మీద,
పిడి తన చెవికి ఆనించి
మేనత్త కళ్ళు మూసుకుంది.
టకటక టకటక టకటక
ఎనిమిది నోళ్ళు, ఒకే మాట.

షెడ్డు నిండా నీలి పొగ.
గట్టు మీది కాలిన వాల్వుని తీసింది.
ఇక డబ్బాలో పడేస్తుందనుకున్నాను.
కిటికీ రెక్క కొంచెం తెరిచి,
మూసుకుపోకుండా
సందులో దాన్ని నిలబెట్టింది.